లిబ్రియం నుంచి కల్లు సీసా దాకా

2015 సెప్టెంబరు. కువైట్‌లో మా ఫ్లాట్‌లో కూర్చుని తెలుగు వార్తలు చూస్తున్నాను. కల్తీ కల్లుపై ఎక్సైజువారి దాడులతో సరఫరా ఆగిపోయి, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. వణుకు, మూర్ఛలు, పిచ్చిమాటలు. ఆ కల్లులో కలిపేవాటిలో డైజిపామ్, ఆల్‌ప్రాజొలామ్ ఉంటాయట. ఆ రెండోది మొన్నమొన్నటిదాకా నేను వాడిన మాత్రే! ఆ వారం నా చేతులూ వణుకుతూనే ఉన్నాయి.

నాది డాక్టరు చీటీతో మొదలైన వ్యవహారం. ఉద్యోగపు ఆందోళనకు మా ఊరి డాక్టరుగారు రెండు వారాలకని రాస్తే, నేను రెండేళ్ళు మింగాను. మొదట్లో సగం మాత్రకే పట్టిన నిద్ర చివరికి రెండు వేసుకుంటేగాని పట్టేది కాదు. ఈ జాతి మందులపై కువైట్‌లో 1987లోనే చట్టం వచ్చిందని, సెలవు నుంచి వస్తూ పెట్టెలో తెచ్చుకుంటే చిక్కుల్లో పడతావని ఒక మిత్రుడు హెచ్చరించాడు. భయపడి ఒక్కసారిగా మానేశాను.

వీటి చరిత్ర ఆ తర్వాతే చదివాను. అమెరికాలోని హాఫ్‌మన్ లా రోష్ ప్రయోగశాలలో లియో స్టెర్న్‌బాక్ తయారుచేసి పక్కన పెట్టేసిన పదార్థమొకటి 1957లో బల్లలు సర్దుతుంటే మళ్ళీ బయటపడింది. 1960లో అది లిబ్రియం అయింది. 1963లో దాని తమ్ముడు వేలియం వచ్చింది. పాత బార్బిట్యురేట్లకన్నా క్షేమమని డాక్టర్లు ధారాళంగా రాశారు. అయితే 1961లోనే హోలిస్టర్ బృందం, నెలల తరబడి పెద్ద మోతాదులో లిబ్రియం వాడినవారిలో 11 మందికి హఠాత్తుగా ఉత్తుత్తి మాత్రలిచ్చి చూసింది. పదిమందికి కొత్త బాధలు మొదలయ్యాయి, ఇద్దరికి మూర్ఛలొచ్చాయి. మందు పుట్టిన మరుసటి ఏడే సంగతి తెలిసిందన్నమాట! ఐక్యరాజ్యసమితి నియంత్రణ జాబితాలోకి ఇవి ఎక్కింది మాత్రం 1984లో.

మెదడులో గాబా అనే పదార్థం బ్రేకులాంటిది. మాత్ర దానికి బలమిస్తుంది. రోజూ ఆ సాయం అందుతుంటే మెదడు తన బ్రేకు పట్టును తానే సడలించుకుంటుంది. మోతాదు పెరిగేది అందుకే. మాత్ర హఠాత్తుగా ఆగితే ఇక బ్రేకుల్లేని బండే. (ఇంజనీరుకి ఇలా చెబితేనే తలకెక్కుతుంది మరి.)

ఇంగ్లండులో న్యూకాజిల్‌లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ 1982 నుంచి 1994 దాకా ఇలాంటివారికోసమే ఒక క్లినిక్ నడిపారు. ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డైజిపామ్‌కు మార్చి, రోగి ఓర్పును బట్టి నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించడం ఆవిడ పద్ధతి. కువైట్‌లో నేను సిగ్గు విడిచి వెళ్ళిన డాక్టరుగారు కూడా అలాగే చేశారు. పది నెలలు పట్టింది. చివరి పావు మాత్ర అన్నిటికన్నా మొండిది.

నాకు చీటీ అయినా ఉంది. ఆ కల్లు తాగినవాళ్ళకు సీసాలో ఏముందో కూడా తెలియదు. ఆనాడు వార్తలు చూస్తూ, "తాగుబోతులకు తగిన శాస్తి" అన్నాడు పక్కనున్న స్నేహితుడు. నేను చేతులు జేబుల్లో పెట్టుకుని మాట్లాడకుండా కూర్చున్నాను.