‘స్ప్రింగ్’ శబ్దం: అర్థపరిణామం

ఆంగ్లంలో దుముకుటను తెలిపే సామాన్య క్రియలలో ‘స్ప్రింగ్’ ఒకటి. నీటి ఊట, వసంత ఋతువు, నొక్కి వదిలితే తిరిగి లేచే లోహపు చుట్ట కూడా ఈ శబ్దానికి అర్థాలే. ఆంగ్ల-తెలుగు నిఘంటువులో వరుస సంఖ్యలతో కనిపించినప్పుడు ఇవి పరస్పర సంబంధం లేని నానార్థాలుగా తోస్తాయి. చారిత్రకంగా పరిశీలిస్తే ఇవన్నీ ఒకే మూలం నుంచి చీలిన శాఖలని స్పష్టమవుతుంది.

ప్రాచీనాంగ్లంలోని ‘స్ప్రింగన్’ క్రియకు పైకి ఎగయు, చిమ్ము, దుముకు, వ్యాపించు అనే అర్థాలున్నాయి. సోదరభాష అయిన జర్మన్‌లో ‘ష్ప్రింగెన్’ నేటికీ ప్రధానంగా దుముకుటనే తెలుపుతుంది. నేలలోంచి నీరు పైకి ఉబుకుతుంది గనుక ఊటకు ఈ పేరు ప్రాచీన దశలోనే ఏర్పడింది. అణచిన లోహం ఎగసి పూర్వస్థితికి చేరుతుంది గనుక ఆ సాధనానికి 15వ శతాబ్దిలో ఇదే పేరు వచ్చింది.

ఋతువాచకంగా దీని చరిత్ర మరింత గమనింపదగినది. పూర్వం ఆంగ్లేయులు వసంతాన్ని ‘లెంట్’ శబ్దపు ప్రాచీన రూపాలతో వ్యవహరించారు. పగళ్లు దీర్ఘమయ్యే కాలమని దానికి వ్యుత్పత్తి చెబుతారు. ఆ శబ్దం క్రమంగా ఈస్టరుకు ముందు క్రైస్తవులు పాటించే ఉపవాసకాలానికే పరిమితమై అర్థసంకోచం పొందింది. ఆకులు చిగురించే వేళ అనే భావంతో ఏర్పడిన పదబంధాలు ఆ స్థానాన్ని ఆక్రమించి, 16వ శతాబ్దిలో ‘స్ప్రింగ్’ అనే ఏకపదంగా స్థిరపడ్డాయి.

ఈ క్రమం తెలియకపోతే అనువాదం దారి తప్పుతుంది. ‘స్ప్రింగ్ టైడ్’ అనేది అమావాస్య, పూర్ణిమల వేళ ఏడాది పొడవునా వచ్చే సముద్రపు పెద్ద పోటు. ఇందులోనిది నీరు పొంగుట అనే అర్థమే. దీనిని వసంతానికి ముడిపెట్టడం దోషం.

తెలుగు ఈ శాఖలలో ప్రధానంగా ఒక్కదానినే ఆదానం చేసుకుంది. వాడుకలోని ‘స్ప్రింగు’ లోహసాధనం మాత్రమే. దుముకుటకు, ఊటకు, ఆమనికి తెలుగులో వేర్వేరు మాటలు ముందే ఉన్నాయి. వీటిలో ‘ఊట’ ఊరు క్రియ నుంచి పుట్టింది. ఆంగ్లం నీటి ఎగసిపాటును చూసిన చోట తెలుగు దాని మెల్లని స్రావాన్ని చూసింది. పర్యాయపదాలుగా నిలిచినా ఈ రెండు శబ్దాల వెనుక ఉన్న దృష్టి ఒకటి కాదు.

కనుక ద్విభాషా నిఘంటువు అర్థాలను లెక్కపెట్టి ఊరుకోరాదు. ఏ అర్థం దేనినుంచి పుట్టిందో సూచించినప్పుడే అది అనువాదకునికి నమ్మదగిన ఆధారమవుతుంది.