పెద్దపల్లి మీదుగా ఒక ప్రేమలేఖ

'ప్రేమలేఖ' సినిమా హీరో జైపూర్‌లో కొలువు మానేసి మద్రాసుకు బయలుదేరతాడు. ఏ దారిన వెళ్లాడన్నది కథకు అక్కరలేదు. పెద్దపల్లి పక్కనున్న మా సుల్తానాబాద్ వాళ్లకు అక్కరే. నాగపూర్, బల్లార్షా దాటి దక్షిణానికి దిగే రైలు మంచిర్యాల, రామగుండం మీదుగా పెద్దపల్లి పట్టాలెక్కాల్సిందే. అంటే మనోడు మా పక్క నుంచే పోయిండన్నమాట!

1996 జులై 12న తమిళంలో 'కాదల్ కోట్టై'గా విడుదలైన సినిమా ఇది. శివశక్తి పాండియన్ నిర్మాత, అగత్తియన్ దర్శకుడు, దేవా సంగీతం. హీరో అజిత్ పుట్టింది సికింద్రాబాద్‌లో. అంతకు ముందే 'ప్రేమ పుస్తకం'లో తెలుగువాళ్లకు కనిపించాడు. ఆ సినిమా తీస్తుండగానే దర్శకుడు గొల్లపూడి శ్రీనివాస్‌ను విశాఖ సముద్రం మింగేసింది. మిగతాది తండ్రి మారుతీరావు పూర్తిచేసి 1993లో విడుదల చేశారు. పుస్తకం నుంచి లేఖ దాకా రావడానికి అజిత్‌కు మూడేళ్లు పట్టింది.

కథ చిన్నది. ఊటీ అమ్మాయి కమలి (దేవయాని) సర్టిఫికెట్లు ప్రయాణంలో పోతాయి. జైపూర్‌లో ఉండే సూర్యకు (అజిత్) అవి దొరికితే పోస్టులో పంపుతాడు. కృతజ్ఞతగా ఒక ఉత్తరం, దానికి జవాబు, జవాబుకు జవాబు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఆమె తన చేత్తో అల్లిన స్వెటర్ ఒకటి పంపుతుంది. తర్వాత మద్రాసులో అతడు నడిపే ఆటోలోనే ఎక్కుతుంది, గొడవా పడుతుంది, గుర్తుపట్టదు. చివరికి ఇద్దరినీ కలిపేది ఆ స్వెటరే.

చూడకుండా ప్రేమేమిటని నవ్వినవాళ్లూ ఉన్నారు. తమిళులకు మాత్రం ఆ భావం పాతదే. కోప్పెరుంజోళన్ అనే రాజు, పిసిరాందయార్ అనే కవి ఎన్నడూ కలవకుండానే ప్రాణస్నేహితులయ్యారని సంగ సాహిత్యం చెబుతుంది. అగత్తియన్‌కు ఉత్తమ దర్శకుడిగా, స్క్రీన్‌ప్లే రచయితగా జాతీయ అవార్డులొచ్చాయి. తమిళ చిత్రానికి ఉత్తమ దర్శకత్వ పురస్కారం దక్కడం అదే మొదలు. 1999లో ఆయనే దీన్ని హిందీలో 'సిర్ఫ్ తుమ్'గా తీశారు.

తెలుగు పేరు పెట్టినవాళ్లకు మాత్రం దండం పెట్టాలి. 'కాదల్ కోట్టై' అంటే ప్రేమ కోట. కోటను పక్కకు నెట్టి లేఖను ముందుకు తెచ్చారు. రాజ్‌కపూర్ 'ఆహ్' 1953లోనే 'ప్రేమలేఖలు'గా తెలుగులోకొచ్చింది కాబట్టి మాట కొత్తది కాదు, కానీ ఈ కథకు అతికినట్టు అతికింది.

ఇక మా వైపు సంగతి. కరీంనగర్ జిల్లా పల్లెల్లో అప్పటికే ఎంతోమంది దుబాయి, మస్కట్, సౌదీ పోయి ఉన్నారు. పెళ్లయి నెల తిరగకముందే విమానమెక్కినవాళ్లకూ ఇంటి కాడున్న ఇల్లాలికీ మధ్య సంసారమంతా ఎర్ర నీలం అంచుల కవర్లోనే. చదువు రాని ఆమెకు ఆ ఉత్తరం చదివిపెట్టేది పక్కింటి బడిపిల్లగాడు. వాడి ముందు ఏం రాయగలడు మొగుడు? "పైసలు పంపిన, అప్పు కట్టు, అవ్వ పైలం" అని రాసి, అసలు మాట మింగేసేవాడు. ఆ ఉత్తరం వినే ఆమెకు మింగిన మాట కూడా వినిపించేది. తండ్రిని ఫొటోలోనే చూసి పెరిగిన పిల్లలు, ఆయన దిగిన రోజు కొత్త మనిషని అవ్వ కొంగు చాటుకు నక్కేవాళ్లు.

సినిమాలో ఒకరినొకరు చూడనివాళ్లు ఉత్తరాలతో దగ్గరైతే, ఇక్కడ తాళి కట్టినవాళ్లు ఉత్తరాల దూరంలో బతికారు. కమలి స్వెటర్ అల్లితే, ఇక్కడి తల్లులు దుబాయి పోయే వాళ్ల చేతిలో మామిడికాయ తొక్కు, సకినాలు పెట్టి పంపేవాళ్లు. సినిమాకు ఉత్తరాల మీద నడిచే ప్రేమ ఒక ఊహ అయితే కావచ్చు. మా దగ్గర అది పోస్టుమాన్ సంచిలో రోజూ తిరిగేదే.

ఎస్టీడీ బూత్‌లు పెరిగాయి, తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. ఇవాళ మస్కట్ నుంచి వీడియో కాల్‌లో మొగుడు కూర ఏం వండినవని అడుగుతాడు. మా వైపు 2016లో పెద్దపల్లి జిల్లా అయింది. పెద్దపల్లి నుంచి కరీంనగర్, నిజామాబాద్ పోయే రైలు సుల్తానాబాద్‌లోనూ ఆగుతుంది. జైపూర్ నుంచి వచ్చే మనిషి పెద్దపల్లిలో దిగి, ఆ బండి పట్టుకుంటే చాలు.