రాష్ట్రపు తీర్పు, సమాఖ్య న్యాయము

ఇంటి తగవు ఇంటనే తీరవలెననుట వినసొంపైన మాటయే. కాని యా యింట బలహీనునకు న్యాయము దొరకనిచో నతఁడెవరితో మొఱపెట్టుకొనవలెను? అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్రము ఈ ప్రశ్నకుఁ గొంత బదులు చెప్పుచున్నది.

1789 నాఁటి న్యాయస్థానముల చట్టము, సమాఖ్య రాజ్యాంగము వలనను సంధుల వలనను గలిగిన హక్కును రాష్ట్ర న్యాయస్థానము నిరాకరించినచో, ఆ తీర్పును విమర్శించు నధికారమును సుప్రీముకోర్టునకొసఁగెను. వర్జీనియా న్యాయాధిపతులకిది రుచింపలేదు. ఫెయిర్‌ఫాక్సు ప్రభువు భూముల వ్యాజ్యమున 1813లోఁ దమ తీర్పు కొట్టివేయఁబడఁగా, ఆ యాజ్ఞకుఁ దాము బద్ధులము కామని వారు 1815లోఁ బలికిరి. ఒకే రాజ్యాంగమునకు రాష్ట్రమునకొక యర్థము చెల్లరాదని జస్టిస్ జోసెఫ్ స్టోరీ 1816లో వారి వాదమును ఖండించెను.

భూవివాదమున స్థిరపడిన యీ యధికారము విలువ దీనుల వ్యాజ్యమునఁ దెలిసెను. 1931లో అలబామాలోని స్కాట్స్‌బరోలో తొమ్మండ్రు నల్లజాతి కుఱ్ఱవాండ్రపై మానభంగ నేరము మోపిరి. దాదాపు రెండు వారములలోనే యెనమండ్రకు మరణశిక్ష పడెను. రాష్ట్రపు పై న్యాయస్థానము అందేడుగురి శిక్షను స్థిరపఱచెను. తగిన న్యాయవాది సహాయము లేని విచారణము న్యాయము కాదని 1932లో సుప్రీముకోర్టు ఆ శిక్షలను రద్దుచేసెను.

ప్రాణములు దక్కినవి, న్యాయము దక్కలేదు. మరల విచారించిన జ్యూరీలును వారిలోఁ గొందఱిని దోషులనియే తేల్చెను. చివరి మువ్వురకు క్షమాభిక్ష 2013లో, మరణానంతరము, లభించెను. తీర్పును దిద్దుటకుఁ బైకోర్టు చాలును; జ్యూరీలోఁ గూర్చుండు ఇరుగుపొరుగువారి మనస్సును దిద్దు భారము సంఘముదే యని మేము తలంతుము.