పోయినవాళ్లకు పుట్టినరోజు

మన పంచాంగం తిరగేస్తే ఒక సంగతి ఇట్టే తెలిసిపోతుంది. అందులో పుట్టినరోజులన్నీ దేవుళ్లవి. చైత్ర శుద్ధ నవమి రాముడిది, శ్రావణ బహుళ అష్టమి కృష్ణుడిది, వైశాఖ శుద్ధ చతుర్దశి నరసింహస్వామిది. వాళ్ల తర్వాత ఆ గౌరవం దక్కింది శంకరాచార్యుల వంటి గురువులకు. మామూలు మనిషికి మిగిలింది పోయిన తిథి ఒక్కటే. బతికున్నన్నాళ్లూ తలంటి, కొత్తబట్ట కట్టించి, పాయసం పెట్టిన రోజు మనిషి పోగానే ఇంటి లెక్కల్లోంచి జారిపోతుంది. దాని చోట్లోకి తద్దినం వచ్చి కూర్చుంటుంది.

ఈ పద్ధతి మనొక్కరిదే అనుకోనక్కర్లేదు. తెలుగునేల మీద పక్కపక్కనే బతుకుతున్న మతాలన్నిటా దాదాపు ఇదే తీరు. క్రిస్మస్ క్రీస్తు పుట్టినరోజు, కానీ క్రైస్తవంలో పునీతుల పండుగలు ఎక్కువగా వాళ్లు కన్నుమూసిన రోజులే. సుమారు క్రీ.శ. 155 ప్రాంతంలో స్మిర్నాలో పోలికార్ప్ అనే బిషప్పును చంపినప్పుడు, ఆయన ప్రాణం విడిచిన రోజునే ఆయన పుట్టినరోజుగా జరుపుకుంటామని అక్కడి సంఘం రాసుకుంది. మిలాదున్నబీ ప్రవక్త పుట్టినరోజు. కడప పెద్ద దర్గా ఉర్సు మాత్రం, ఏ ఉర్సయినా అంతే, సూఫీ గురువు దైవంలో కలిసిన రోజు. పుట్టుక దైవానికీ ప్రవక్తకూ, మరణం మిగతావాళ్లకూ అని అందరూ పంచుకున్నట్టే ఉంది.

తద్దినాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది గట్టి కట్టడం. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. మూడు తరాలకు మూడు పిండాలు. కొత్తగా ఒకరు చేరితే పైనున్నవాళ్లు ఒక మెట్టు జరుగుతారు, నాలుగో తరం ఆయన వరస దాటి వెళ్లిపోతాడు. మనిషి ఒంటరిగా ఎటో కొట్టుకుపోకుండా వంశం పట్టుకుంటుంది. అయితే ఆ సంకల్పంలో గోత్రం ఉంటుంది, పేరు ఉంటుంది, ఆయన ఈలపాట ఉండదు. అరటికాయ కూర, గారెలు, పరమాన్నం ఎవరి తద్దినానికైనా ఒకటే. ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగని మనిషికి కూడా ఉల్లిపాయ లేని భోజనమే పెడతారు.

మనిషి ఇష్టాయిష్టాలకు చోటిచ్చిన ఆచారం మనలో వేరే ఉంది. ఉత్తరాంధ్రలో సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెడతారు. తెలంగాణలో పెత్తరమాస నాడు పోయినవాళ్ల పేరున బియ్యం ఇస్తారు, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. చాలా ఇళ్లలో పెద్దలకు పెట్టుకునేటప్పుడు వేటమాంసం తినే తాతకు వేటమాంసం, కల్లు తాగే తాతకు కల్లు, చుట్ట కాల్చే అవ్వకు చుట్ట పెడతారు. పోయిన మనిషిని ఆ మనిషిగానే తలుచుకోవడం అక్కడుంది. ఇక లేనిదల్లా పుట్టినరోజు.

ఆ ముచ్చట ఎక్కడెక్కడ ఉండేదని వెతుక్కుంటూ పోతే ఏథెన్స్ చేరతాం. ఎపిక్యురస్ అనే తత్వవేత్త క్రీ.పూ. 270 ప్రాంతంలో చనిపోతూ రాసిన వీలునామా డయోజినిస్ లాయర్షియస్ పుస్తకం పుణ్యమా అని మిగిలింది. తన ఆస్తి మీద వచ్చే రాబడిలోంచి తల్లికీ తండ్రికీ అన్నదమ్ములకూ చేయాల్సినవి చేయమన్నాడు. గమేలియోన్ నెల పదో నాడు తన పుట్టినరోజు ఏటా జరపమన్నాడు. నెలనెలా ఇరవయ్యో తేదీన శిష్యులంతా కలిసి కూర్చుని తననూ, తనకంటే ముందే పోయిన స్నేహితుడు మెట్రొడోరస్‌నూ తలుచుకోమన్నాడు. రెండు శతాబ్దాలు దాటాక రోమన్ వక్త సిసిరో దీన్ని పట్టుకుని నిలదీశాడు. చావు తర్వాత మనకేమీ లేదని జీవితమంతా చెప్పినవాడికి, పోయాక పుట్టినరోజు ఎందుకట? పైగా పుట్టిన రోజు ఒక్కసారే వస్తుంది, మళ్లీ రాదు కదా అన్నాడు.

సిసిరో వాదన పదునైనదే. కానీ ఆ పండుగ పోయినవాడి కోసం కాదన్నది ఆయన పట్టించుకోలేదు. చివరి రోజున మూత్రకోశ బాధతో మెలితిరిగిపోతూ ఎపిక్యురస్ ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఒంటి నొప్పికి ఎదురు నిలబెట్టగలిగింది మనం కలిసి మాట్లాడుకున్న మాటల తాలూకు సంతోషమే అన్నాడు అందులో. అలాంటి మనిషి తన వెనక ఉండేవాళ్లకు ఆ సంతోషమే మిగలాలని ఏర్పాటు చేసిపోయాడు. ఆ ఏర్పాటు నిలబడింది కూడా. ఆయన పోయిన మూడు వందల ఏళ్ల తర్వాత కూడా ఎపిక్యురస్ పుట్టినరోజు చేస్తున్నారని రోమన్ రచయిత పెద్ద ప్లినీ తన గ్రంథంలో విసుక్కున్నాడు. విసుక్కున్నవాడి సాక్ష్యం కంటే నమ్మదగిన సాక్ష్యం ఏముంటుంది!

రోమన్లు ఈ అలవాటును ఇష్టంగా అందిపుచ్చుకున్నారు. సిలియస్ ఇటాలికస్ అనే కవి వర్జిల్ పుట్టినరోజును తన పుట్టినరోజు కంటే భక్తిగా చేసేవాడని, వర్జిల్ సమాధికి గుడికి వెళ్లినట్టు వెళ్లేవాడని చిన్న ప్లినీ ఉత్తరం చెబుతుంది. రోమ్‌కు దగ్గర్లోని లాన్యూవియమ్‌లో పేదలు, బానిసలు చేరిన ఒక చావుచందా సంఘం ఉండేది. దాని నియమాలు క్రీ.శ. 136 నాటి శాసనంలో ఉన్నాయి. నైలు నదిలో మునిగిపోయిన ఆంటినోస్ అనే యువకుడి పుట్టినరోజు సంఘం విందు రోజుల్లో ఒకటి. విందుకు మంచి ద్రాక్షసారా, రొట్టె, మనిషికి నాలుగేసి సార్డీన్ చేపలు, వేడినీళ్లు. ఇంత చిన్న విందుకు ఇంత పక్కా లెక్క రాసుకున్నారంటే, ఆ రోజు వాళ్లకెంత ముఖ్యమో చూడండి.

వీటన్నిటిలో నా మనసు ఆగిపోయేది పోల్లా అర్జెంటారియా దగ్గర. ఆమె భర్త లూకన్ గొప్ప కవి. క్రీ.శ. 39 నవంబరు 3న పుట్టాడు. నీరో చక్రవర్తి మీద కుట్రలో ఉన్నాడని 65లో ప్రాణం తీసుకోమన్నారు. అప్పటికి నిండా ఇరవై ఆరేళ్లు లేవు. పాతికేళ్లు గడిచాక కూడా పోల్లా ఆయన పుట్టినరోజు జరుపుతూనే ఉంది. ఆ రోజు కోసం స్టాటియస్ అనే కవి చేత ఒక పద్యం రాయించుకుంది, మార్షియల్ కూడా చిన్న పద్యాలు రాశాడు. భర్తను ఏ దేవుడి వేషంలోనో ఆమె కొలవలేదని, ఆయన పోలికలతోనే బంగారు రూపం చేయించి పడక పైన పెట్టుకుందని స్టాటియస్ చెబుతాడు. ఒక్క రోజుకు వచ్చిపొమ్మని ఆ పద్యం లూకన్‌ను అడుగుతుంది. నీరో చంపించిన రోజు ఊరందరికీ తెలుసు. పోల్లా పట్టుకున్నది నీరో చేయి తగలని రోజును.

మరి మన ఇళ్లలోకి ఇది ఎప్పుడొచ్చింది? ముందు తేదీ ఉండాలిగా! తాతల తరంలో జాతకం రాయించుకున్న కొద్ది కుటుంబాలు తప్ప మిగతావాళ్లకు పుట్టుక ఒక కబురుతో ముడిపడి ఉండేది. హైదరాబాదులో మూసీ వరద (1908) వచ్చిన ఏడు, రజాకార్ల గొడవప్పుడు, 1953 గోదావరి వరదకు రెండేళ్ల ముందు, దివిసీమ ఉప్పెనకు కడుపులో ఉన్నాడు అని చెప్పుకునేవారు. బడిలో వేసేటప్పుడు పంతులుగారు ఏదో ఒక తేదీ రాసేవారు, అందుకే మన పెద్దల్లో అంతమంది జులై 1న పుట్టారు. జనన మరణాల నమోదు దేశమంతటికీ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 1969లో.

తేదీ ఇంట్లోకి రాకముందే బడి మనకు పోయినవాళ్ల పుట్టినరోజులు నేర్పింది. అక్టోబరు 2, నవంబరు 14, సెప్టెంబరు 5. జెండా కింద నిలబడి బిస్కట్టు తిన్న ప్రతి పిల్లాడికీ అవి కంఠతా వచ్చాయి. గాంధీగారి సంగతిలో ఒక విశేషం ఉంది. ఆయన పుట్టిన తిథి భాద్రపద బహుళ ద్వాదశి, అంటే మహాలయ పక్షం నడుమ. దేశమంతా పోయినవాళ్లకు నీళ్లు వదిలే రోజుల్లో పుట్టారాయన. గుజరాత్‌లో ఆ తిథిని రాట్నం ద్వాదశిగా చేసేవారు, నా పేరున ఉత్సవం కన్నా నూలు వడకడం మేలని ఆయన ప్రోత్సహించారు. ప్రభుత్వం లెక్కకు మిగిలింది మాత్రం ఇంగ్లీషు తేదీ.

బడి నేర్పింది ఒకటయితే, వాడల్లో ఏప్రిల్ 14 చేసింది ఇంకొకటి. అంబేద్కర్ జయంతి ఆయన బతికుండగానే మహారాష్ట్రలో మొదలైంది. 1956లో ఆయన పోయాక డిసెంబరు 6 నాడు దండ వేసి మౌనంగా నిలబడతారు. ఏప్రిల్ 14న కొత్తబట్టలు, వంటలు, డప్పులు, పిల్లల పాటలు. ఎవరో పెద్దమనిషి జయంతిగా కాక ఇంట్లో తాత పుట్టినరోజుగా చేసుకోవడం తెలుగు పల్లెల్లో నేను మొదట చూసింది అక్కడే. గోదావరి డెల్టాలో కాటన్ దొరకూ ఆ చోటుంది. 1803 మే 15న ఇంగ్లండులో పుట్టిన ఇంజనీరుకు ధవళేశ్వరం దగ్గర రైతులు దండలు వేస్తారు. 1899 జులైలో ఆయన పోయిన రోజు ఎవరినడిగినా తడుముకుంటారు.

ఆ తర్వాత పత్రికల్లో శ్రద్ధాంజలి ప్రకటనల పక్కన జయంతి ప్రకటనలు కనిపించడం మొదలైంది. ఇప్పుడు సెల్‌ఫోన్ ఉంది. పోయిన మనిషి పుట్టినరోజు పొద్దున్నే శుభాకాంక్షలు చెప్పమని అది గుర్తుచేస్తుంది. చనిపోయినవాళ్ల ఖాతాలను స్మారకంగా ఉంచే ఏర్పాటు ఫేస్‌బుక్ 2009లోనే పెట్టింది కానీ, దాన్ని అడిగి చేయించేవాళ్లు మన ఇళ్లలో ఎందరు? నాకైతే ఆ గుర్తుచేయడం బాధ పెట్టలేదు. ఆ ఉదయం మా అన్నదమ్ములం అక్కచెల్లెళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకోవడానికి కారణం అదే.

మా నాన్న బడి రికార్డులో జులై 1 అని ఉంది. అసలు తేదీ మా తాత పాత పంచాంగం అట్ట లోపలి వైపు దొరికింది. పెన్సిలుతో రాసిన ఆరు పుట్టుకలు, తిథి, నక్షత్రం, ఇన్ని ఘడియలకు అని. రెండు పేర్ల పక్కన చిన్న గీత. ఆ ఇద్దరూ పసితనంలోనే పోయిన మా పెదనాన్న, మేనత్త. నాన్న పేరు దగ్గర తిథితోపాటు ఇంగ్లీషు తేదీ కూడా ఉంది. అప్పట్నుంచి ఆ తేదీన చేస్తున్నాం. ఆయనకిష్టమైన ఉల్లిపాయ పకోడీలు, పులస పులుసు (దొరికితే), ఆయన కుర్చీ. వంట అయ్యాక ఒక్కొక్కరూ ఒక సంగతి చెప్పాలి, పాతది చెప్పినా ఫరవాలేదు. ఒకే సంగతి మా అక్క చెప్పినప్పుడు నాన్న కోపిష్టి, మా తమ్ముడు చెప్పినప్పుడు ఆయన కావాలనే కోపం నటించాడు. డాలస్ నుంచి వీడియోలో ఉన్న మా మేనకోడలు ఆయన్ను చూడనైనా లేదు, తాతయ్య ఎలా అరిచేవాడో చేసి చూపించమని అడుగుతుంది. తద్దినం నాడు ఆ పిల్ల ఎప్పుడూ ఇలా అడగలేదు. అడగడానికి అక్కడ వీలు లేదు కూడా.

చిక్కల్లా మా నాయనమ్మతోనే. ఆవిడ పుట్టుక ఏ అట్ట మీదా లేదు. ఏదో గాలివాన వచ్చిన ఏడు పుట్టిందని ఆవిడే చెప్పేది, ఏ గాలివానో చెప్పగల మనిషి ఇప్పుడు లేడు. ఆ తరం ఆడవాళ్లలో చాలామంది ఇంతే. పిల్లలవి రాసుకున్న తాత, భార్యది రాయాలనుకోలేదు. ఏదో ఒక తేదీ ఖాయం చేసేద్దాం, ఫోన్లో పెట్టుకోవచ్చు అని మా తమ్ముడన్నాడు. మా చిన్నత్త ఒప్పుకోలేదు. మా అమ్మ ఏడాదిలో పిల్లలా నవ్వింది అట్లతద్ది ఒక్కరోజే, తెల్లవారుజామునే అందరినీ లేపి ఉయ్యాల కట్టించేది, అదే దాని పుట్టినరోజు అని కూర్చుంది. తేదీ ఏటా మారిపోతుందత్తా అంటే, పంచాంగం చూసుకోండి, మా నాన్న చూసుకోలేదా అంది. ఇంకెవరూ మాట్లాడలేదు. ఆశ్వయుజ బహుళ తదియకు పదకొండు అట్లు పోసే పని, ఎవరి ఇంట్లో అన్న వంతులతో సహా, ఆ పూటే తేలిపోయింది.