కుట్టిన చేతి పేరు ఏది?



భూర్జపత్రం పేరు మీరు వినే ఉంటారు. కాశ్మీరంలో ఆ చెట్టు బెరడు మీద పాత గ్రంథాలు రాసేవారు. కెనడాలో క్యుబెక్ దగ్గరి హ్యూరన్-వెండాట్ ఆడవాళ్ళు అదే జాతి చెట్టు బెరడు మీద, మూస్ అనే పెద్ద దుప్పి వెంట్రుకలకు రంగులద్ది పూలు కుట్టేవారు. 19వ శతాబ్దంలో క్యుబెక్, నయాగరా చూడవచ్చినవాళ్ళు ఆ పెట్టెలు, పళ్ళేలు కొనుక్కుపోయారు. ఇప్పుడవి మ్యూజియాల్లో ఉన్నాయి. మార్గరీట్ విన్సెంట్ (1783-1865) లాంటి ఒకరిద్దరి పేర్లు నిలిచాయి. చాలావాటి కింద తెగ పేరే ఉంటుంది, కుట్టినామె పేరుండదు.

ఇది తెలిసినప్పుడు నాకు మన లంబాడీ ఆడవాళ్ళు గుర్తుకొచ్చారు. అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టే ఆ పని లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాకా పోయింది.

వాళ్ళ చరిత్ర మన గడపలోకే వస్తుంది. 1791లో కారన్‌వాలిస్ సైన్యం మన నంది కోట పట్టుకుంది. టిప్పుతో జరిగిన ఆ యుద్ధంలో ఆ సైన్యానికి ఎద్దుల మీద ధాన్యం తెచ్చింది ఈ బంజారాలే. సముద్రం ఒడ్డు ఉప్పును లోపలి ఊళ్ళకు చేర్చిందీ వాళ్ళ బిడారులే.

నేను సర్వీసంతా రైల్వే గుమాస్తాగా గడిపినవాణ్ణి కాబట్టి ఒక మాట ఒప్పుకోవాలి. 1856లో మద్రాసు నుంచి వాలాజా వైపు రైలు నడిచింది. పట్టాలు లోపలికి వచ్చేకొద్దీ ఎద్దుల బిడారుకు పని పోయింది. నాకు అన్నం పెట్టిన పట్టాలే వాళ్ళ అన్నం తీశాయి. పైగా 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం కింద కొన్నిచోట్ల వాళ్ళనూ చేర్చారు. ఆ మచ్చ చట్టంలోంచి పోయింది 1952లో.

బిడారు పోయినా సూది మిగిలింది. తల్లి దగ్గర కూతురు నేర్చుకుంది. బళ్ళారి వైపు సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జులైలో హంపి జి-20 సమావేశంలో 450 మందికి పైగా ఆడవాళ్ళు చేసిన 1755 వస్తువులు పెడితే గిన్నిస్ రికార్డు వచ్చింది.

సంతోషమే. కానీ 1755 అనే లెక్క పేపర్లకెక్కింది, ఆ 450 పేర్లు ఎంతమందికి తెలుసు? రైల్లో ఒక గోనె మూట పంపినా రసీదు మీద పంపినవాళ్ళ పేరు రాసేవాళ్ళం. ఇన్ని నెలలు కళ్ళు చించుకుని కుట్టిన గుడ్డకు ఆ పాటి మర్యాద వద్దా?

మీ ఇంట్లో పెట్టె అడుగున అవ్వ కుట్టిన సంచో, అల్లిన గుడ్డో ఉంటే బయటికి తీయండి. ఆమె పేరు, పుట్టిన ఊరు ఒక చీటీ మీద రాసి దాంట్లోనే పెట్టండి. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే ఆ పని చేయండి.