ఇంటికొచ్చే ఆశా, మధ్యలో ఆగిపోయే రాకలు

ఆస్పత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా. 2011లో మొదలైన ఈ పద్ధతికి 2018లో మరో ఐదు రాకలు కలిపారు: 3, 6, 9, 12, 15 నెలలకు. మొదట్లో బరువు, ఒళ్లు వేడి, బొడ్డు, పాలు పట్టే తీరు చూస్తారు. ఆరో నెల నుంచి పైతిండి, టీకాలు, ఎదుగుదల మాట.

గొలుసు ఎక్కువగా తెగేది తల్లి ఇల్లు మారినప్పుడు. తొలి కాన్పు పుట్టింట్లో. చిల్లా నలభై రోజులు అవగానే అత్తారింటికి ప్రయాణం. ఊరు మారితే ఆశా కూడా మారుతుంది. పాత ఆశా రిజిస్టర్‌లో పేరుంటుంది, బిడ్డ ఉండదు. కొత్త ఆశాకు బిడ్డ వచ్చిన సంగతే తెలియదు. బయల్దేరే ముందు పాత ఆశాకు ఒక మాట చెప్పి, తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకెళ్లి, కొత్త ఊళ్లో ఆశాకు చూపిస్తే చాలు.

రెండోది మాట తీరు. పుట్టగానే తేనె నాకించే ఇళ్లున్నాయి. ఏడాది నిండేదాకా తేనె పెట్టకూడదన్నది నిజమే. కానీ దాదీ ముందు కోడలిని తప్పుపడితే మరుసటి రాకకు తలుపు తీయరు. అసలు బిడ్డకు ఏం పెట్టాలో చాలా ఇళ్లలో తేల్చేది దాదీయే, కాబట్టి ఆమెతోనే, ఉర్దూ ఇంట్లో ఉర్దూలోనే, మొదలుపెట్టడం మేలు. మగవాళ్లు ఇంట్లో ఉండే వేళ, బీడీలు చుట్టే తల్లి ఆకులు లెక్కపెట్టుకునే వేళ కాకుండా, ఏ టైముకు రావాలో ముందే అడిగితే సగం ఇబ్బంది తీరుతుంది.