నిరూపించాల్సింది ఎవరు?

1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తింది. మళ్లీ అలాంటి వరద రాకూడదని కట్టినవే ఉస్మాన్ సాగర్ (మనం పిలుచుకునే గండిపేట), హిమాయత్ సాగర్. 1920ల నుంచి నగరానికి తాగునీరూ అవే ఇచ్చాయి. ఆ రోజుల్లో కట్ట గట్టిగా ఉంటే చెరువు భద్రంగా ఉన్నట్టే. ఎగువన ఫ్యాక్టరీలు వస్తాయని ఎవరనుకున్నారు?

చట్టాలు తాపీగా వచ్చాయి. స్టాక్‌హోం పర్యావరణ సదస్సు 1972లో జరిగితే నీటి చట్టం 1974లో, గాలి చట్టం 1981లో వచ్చాయి. పర్యావరణ పరిరక్షణ చట్టం రావడానికి భోపాల్ గ్యాస్ లీకులో వేలమంది చచ్చిపోవాల్సి వచ్చింది. అది 1986.

జంట జలాశయాలకు రక్షణగా 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. జనం నోట 'ట్రిపుల్ వన్'. పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదని అది నిబంధన పెట్టింది. అప్పటికే శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో 12 ఎకరాలు కొనుక్కున్న కంపెనీ ఒకటుంది. ఆముదం నుంచి రసాయనాలు తీస్తామంది. కాలుష్య నియంత్రణ మండలి కుదరదంది. విడ్డూరం చూడండి, నిబంధన పెట్టిన ప్రభుత్వమే 1997లో ఆ కంపెనీకి మినహాయింపు ఇచ్చింది! హైకోర్టూ కంపెనీ వైపే మొగ్గింది. వాడేసిన నికెల్ వంటి వ్యర్థాలు వానకు కొట్టుకొచ్చి, భూమిలోకి ఇంకి హిమాయత్ సాగర్‌కు చేరతాయన్నది మండలి భయం. కానీ ఇంకా కట్టని ఫ్యాక్టరీ హాని చేస్తుందని ఎలా రుజువు చేస్తారు?

1999 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ప్రశ్ననే తిరగేసింది. హాని జరగదని నిరూపించాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాళ్లేనని జస్టిస్ ఎం. జగన్నాధరావు తీర్పు రాశారు. వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో 1996లోనే ఈ సూత్రం వచ్చినా, దాన్ని విప్పి చెప్పింది మాత్రం ఇక్కడే. సైన్సు తెలిసినవాళ్లూ కూర్చునే పర్యావరణ కోర్టులు కావాలని కూడా ఆ తీర్పు కోరింది. అలాంటిదే 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌గా వచ్చింది. ఇక కంపెనీకిచ్చిన మినహాయింపు చెల్లదని సుప్రీంకోర్టులో 2000 డిసెంబరులోనే తేలిపోయింది.

పక్క ఊళ్లలో భూముల ధరలు ఆకాశాన్నంటుతుంటే 111 జీవో ఆంక్షల వల్ల తమ పొలాలు అమ్ముడుపోవడం లేదని 84 గ్రామాల రైతులు మొత్తుకున్నారు. అందులో న్యాయం లేకపోలేదు. నగరం తాగునీటికి ఇప్పుడీ చెరువుల మీద ఆధారపడటం లేదంటూ 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేసింది. శాసనసభ చేసిన చట్టాన్ని తీసేయాలంటే మళ్లీ శాసనసభకే వెళ్లాలి. జీవోకు ఆ ఇబ్బంది లేదు, ఇంకో జీవో చాలు.